యూఎస్‌బీ మోడెమ్‌కి సీరియల్ పోర్టులు రావట్లేదా? న్యూ_ఐడీనా, ప్యాచా, డీకేఎంఎస్సా, ఎంబీఐఎమ్మా: ఎవరికి ఏది

మోడెమ్ గుచ్చారు, లైటు వెలిగింది, ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కొడితే పేరు కూడా కనిపిస్తోంది, కానీ డెవ్ ఫోల్డర్లో టీటీవైయూఎస్‌బీ (సీరియల్ పోర్టుకి లినక్స్ ఇచ్చే ఫైల్ పేరు, ప్రోగ్రాములు మోడెమ్‌తో మాట్లాడేది దీంట్లోంచే) అన్నది ఒక్కటీ లేదు. గూగుల్ చేస్తే ఒకాయన న్యూ_ఐడీ అంటాడు, ఇంకొకాయన కర్నెల్ కంపైల్ చేస్కో అంటాడు, మోడెమ్ అమ్మినవాడు ఒక జిప్ ఫైల్ పంపించి ఇది ఇన్‌స్టాల్ చేసుకోండి సార్ అంటాడు. అన్నీ పనిచేస్తాయి, గొడవ అక్కడే, ఎందుకంటే ఆ సాయంత్రానికి పోర్టులు రావడం వేరు, ఆర్నెల్ల తర్వాత కూడా ఎవరూ ఫోన్ చెయ్యకుండా నడవడం వేరు.

ఇది ముఖ్యంగా లినక్స్ వాళ్ళ కోసం రాస్తున్నా, విండోస్, బీఎస్‌డీ సంగతి చివర్లో కొంచెం చెప్తా. కమాండ్లన్నీ తెలుగు లిపిలోనే ఉంటాయి, టెర్మినల్లో మీరు ఇంగ్లీషులో కొట్టుకోండి.

అసలు రోగం ఏంటో ముందు చూడండి

యూఎస్‌బీ-డివైసెస్ అని ఒక చిన్న స్క్రిప్ట్ దాదాపు అన్ని డిస్ట్రోల్లో ఉంటుంది, అది కొట్టి మీ మోడెమ్ దగ్గర ఆగండి. ప్రతి ఇంటర్‌ఫేస్‌కీ (అంటే ఒకే మోడెమ్‌లో ఒక్కో పని చేసే భాగానికి) ఒక లైను వస్తుంది, అందులో ఇంటర్‌ఫేస్ నెంబరు, ఎండ్‌పాయింట్లు (డేటా వచ్చిపోయే దారులు) ఎన్ని, క్లాస్ ఏంటి, డ్రైవర్ ఏంటి అని ఉంటుంది. ఈ లైన్లని ఒక ఫైల్లో దాచుకోండి, తర్వాత చాలాసార్లు పనికొస్తాయి.

క్లాస్ 08 అని ఒకటే ఇంటర్‌ఫేస్ ఉంటే మీ మోడెమ్ ఇంకా సీడీ డ్రైవ్ వేషంలోనే ఉంది. ఫోటాన్ ప్లస్, నెట్‌కనెక్ట్ డాంగుల్స్ రోజుల్లో డబ్ల్యూవీడయల్ (మోడెమ్‌తో డయల్ చేసే ప్రోగ్రామ్) కాన్ఫిగ్ చేత్తో రాసుకున్నవాళ్ళకి ఇది గుర్తుండే ఉంటుంది, విండోస్ సాఫ్ట్‌వేర్ లోపలే పెట్టి అమ్మేవాళ్ళు, ఒక ప్రత్యేకమైన మెసేజ్ పంపిస్తేగానీ అది మోడెమ్‌గా మారదు. దీనికి డ్రైవర్ అక్కర్లేదు, యూఎస్‌బీ_మోడ్‌స్విచ్ చాలు. ప్రతి మోడెమ్‌కీ వెండర్, ప్రోడక్ట్ అని రెండు గుర్తింపు నెంబర్లుంటాయి, మోడ్ మారాక ఆ ప్రోడక్ట్ ఐడీ కూడా మారుతుంది, కింద చెప్పేవన్నీ ఆ మారిన ఐడీకే చెయ్యాలి.

క్లాస్ 02, సబ్‌క్లాస్ 02 ఉంటే అది స్టాండర్డ్ పద్ధతి, సీడీసీ-ఏసీఎం డ్రైవర్ ఐడీతో సంబంధం లేకుండా తనే పట్టుకుంటుంది, పోర్టు పేరు టీటీవైఏసీఎం0 అని వస్తుంది. చాలామంది టీటీవైయూఎస్‌బీ కోసం వెతుక్కుంటూ దీన్ని చూడరు.

క్లాస్ ఎఫ్‌ఎఫ్, డ్రైవర్ నన్ అని ఉంటే మాత్రం మీరు సరైన చోటికే వచ్చారు. ఎఫ్‌ఎఫ్ అంటే కంపెనీ సొంత పద్ధతి, అంటే కర్నెల్‌కి ఈ ఐడీ ఫలానా డ్రైవర్ది అని ఎవరో ఒకరు చెప్పాలి, ఆ చెప్పే దారులే ఇక్కడి పోలిక.

డీమెసెజ్‌లో (కర్నెల్ లాగ్ చూపించే కమాండ్) డిస్‌కనెక్ట్, మళ్ళీ కనెక్ట్ అని నిమిషానికోసారి వస్తుంటే డ్రైవర్ జోలికి పోకండి, కేబులూ పవరూ చూడండి.

దేన్ని బట్టి తేల్చుకోవాలి

నేనైతే నాలుగు ప్రశ్నలు వేసుకుంటా. బల్ల మీద ఒక్క మోడెమా, ఊళ్ళ మీద పంచిన వందా? కర్నెల్ మీ చేతిలో ఉందా, లేక డిస్ట్రో ఇచ్చిందే వాడాలా? సెక్యూర్ బూట్ (సైన్ చెయ్యని కోడ్‌ని లోడ్ కానివ్వని సెట్టింగ్) ఆన్‌లో ఉందా? ఇక నాలుగోది అందరూ మర్చిపోయేది: ఆ మోడెమ్‌లో ఏ ఇంటర్‌ఫేస్‌ని ఈ డ్రైవర్ *ముట్టుకోకూడదు*?

ఆ నాలుగోదాని దగ్గర కొంచెం ఆగుదాం. ఈ కాలం ఎల్‌టీఈ మాడ్యూల్ అంటే సీరియల్ పోర్టు ఒక్కటే కాదు. క్వెక్‌టెల్ ఈసీ25 తీసుకోండి, ఐడీ 2సి7సి:0125. ఇంటర్‌ఫేస్ 0 డయాగ్నస్టిక్ పోర్టు, 1 జీపీఎస్ లైన్లు వచ్చేది, 2 ఏటీ కమాండ్లకి (మోడెమ్‌కి టెక్స్ట్‌లో ఇచ్చే ఆదేశాలు), 3 పీపీపీ డయల్‌కి (పాత డయల్-అప్ పద్ధతిలో నెట్), 4 మాత్రం సీరియల్ కాదు, క్యూఎంఐ (క్వాల్‌కామ్ సొంత పద్ధతి) నెట్‌వర్క్ కార్డు. మొదటి నాలుగూ ఆప్షన్ డ్రైవర్‌కి వెళ్ళాలి, ఐదోది క్యూఎంఐ_డబ్ల్యూవాన్‌కి వెళ్ళాలి. కొన్ని మాడ్యూల్స్‌లో ఏడీబీ (ఆండ్రాయిడ్ డీబగ్గింగ్) ఇంటర్‌ఫేస్ కూడా అదనంగా ఉంటుంది. కాబట్టి ఈ ఐడీని ఆప్షన్‌కి ఇచ్చెయ్ అంటే సరిపోదు, ఫలానా నెంబరు వదిలెయ్ అని కూడా చెప్పాలి.

ఆప్షన్ అనే పేరు చూసి ఇదేదో సెట్టింగ్ అనుకునేవాళ్ళు ఉన్నారు. బెల్జియం కంపెనీ ఆప్షన్ వాళ్ళ పీసీ కార్డు కోసం 2005 ప్రాంతంలో పుట్టిన డ్రైవర్ అది, ఆ పేరే మిగిలిపోయింది, ఇప్పుడు అందులో ఎన్నో కంపెనీల ఐడీలున్నాయి.

మొదటిది: యూఎస్‌బీసీరియల్ జెనరిక్

మోడ్‌ప్రోబ్ (డ్రైవర్ని లోడ్ చేసే కమాండ్) చేసేటప్పుడు వెండర్, ప్రోడక్ట్ ఇచ్చేస్తే పోర్టులు వచ్చేస్తాయి. పాత ట్యుటోరియల్స్‌లో అంతా ఇదే. కానీ కర్నెల్ తనే లాగ్‌లో చెప్తుంది, ఇది టెస్టింగ్‌కీ ఒకటీ అరా ప్రోటోటైప్‌లకీ మాత్రమే అని. దీనికి డీటీఆర్ (కంప్యూటర్ సిద్ధం అని మోడెమ్‌కి చెప్పే సిగ్నల్) లాంటి మోడెమ్ కంట్రోల్ లైన్లు తెలీవు, కొన్ని మోడెమ్‌లు డీటీఆర్ లేకపోతే ఏటీ అంటే ఓకే కూడా అనవు. అవతల ఎవరో ఉన్నారా లేదా చూడ్డానికి ఒక ఐదు నిమిషాలు వాడండి, అంతకుమించి వద్దు.

రెండోది: న్యూ_ఐడీ

నడుస్తున్న డ్రైవర్‌కి కొత్త ఐడీ చెప్పే దారి ఇది, ఎక్కువమందికి ఇవాళ్టికి ఇదే సమాధానం. కంపైల్ లేదు, సైనింగ్ లేదు, సెక్యూర్ బూట్ అడ్డు రాదు. ముందు మోడ్‌ప్రోబ్ ఆప్షన్, తర్వాత రూట్‌గా వెండర్, ప్రోడక్ట్ నెంబర్లని ఒక ఫైల్లోకి ఈకో చెయ్యడం. ఆ ఫైల్ ఎక్కడుందంటే సిస్‌లో బస్, అందులో యూఎస్‌బీ-సీరియల్, అందులో డ్రైవర్స్, అందులో ఆప్షన్1, అందులో న్యూ_ఐడీ. చివర్లో ఉన్న ఆ 1 చూశారా, అది లేకపోతే పని జరగదు. బస్ కింద యూఎస్‌బీ లోపల ఆప్షన్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది, అందులో న్యూ_ఐడీ ఉండదు, అక్కడ వెతికి వెతికి మా కర్నెల్‌లో ఈ ఫీచర్ లేదనుకుని వదిలేసినవాళ్ళని నేనే చూశా.

ఇక నా కథ. గేట్‌వే బాక్సుల కోసం ముప్పై మాడ్యూల్స్ తెప్పించాం, పాత లాట్ బ్రహ్మాండంగా నడిచింది, కొత్త లాట్‌లో హార్డ్‌వేర్ రివిజన్ మారి ప్రోడక్ట్ ఐడీ మారింది, ఆ మాట అమ్మినవాళ్ళు ఎక్కడా చెప్పలేదు. నేను హుషారుగా న్యూ_ఐడీలో రెండు నెంబర్లు కొట్టి చూస్తే పోర్టులు వచ్చేశాయి, టీ తాగొచ్చి చూస్తే నాలుగు కాదు ఐదొచ్చాయి, డబ్ల్యూవాన్0 (ఆ క్యూఎంఐ నెట్‌వర్క్ కార్డు పేరు) మాత్రం మాయం. యూఎస్‌బీ-డివైసెస్ కొడితే ఇంటర్‌ఫేస్ 4, ఎండ్‌పాయింట్లు 3, క్లాస్ ఎఫ్‌ఎఫ్, డ్రైవర్ ఆప్షన్. అంటే నెట్‌వర్క్ కార్డుని కూడా సీరియల్ పోర్టనుకుని మింగేసింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారే, అదే.

రెండే నెంబర్లిస్తే న్యూ_ఐడీకి వదలాల్సినవి ఏవో తెలీదు. మాస్ స్టోరేజ్ ఒక్కటి ఆప్షన్ తనంతట తనే వదిలేస్తుంది, మిగతావన్నీ పట్టేస్తుంది. కానీ అదే ఫైల్‌కి ఐదు నెంబర్లు ఇవ్వొచ్చని చాలామందికి తెలీదు: వెండర్, ప్రోడక్ట్, ఇంటర్‌ఫేస్ క్లాస్, తర్వాత ఆదర్శంగా తీసుకోవాల్సిన వేరే మోడెమ్ వెండర్, దాని ప్రోడక్ట్. అన్నీ హెక్స్‌లోనే, ముందు 0ఎక్స్ పెట్టక్కర్లేదు. చివరి రెండూ ఇస్తే డ్రైవర్ టేబుల్లో ఆ మోడెమ్‌కి రాసిపెట్టిన ఫ్లాగులు (ఏ ఇంటర్‌ఫేస్ వదలాలి లాంటి గుర్తులు) మీ మోడెమ్‌కి కూడా వర్తిస్తాయి. ఉదాహరణకి బీజీ96 ఐడీ 2సి7సి 0296, దానికి టేబుల్లో ఇంటర్‌ఫేస్ 4 వదిలెయ్ అని ఉంది, మీ మోడెమ్‌లో కూడా నెట్‌వర్క్ 4 మీదే ఉంటే దాన్ని ఆదర్శంగా ఇవ్వండి.

ఈసీ25నే ఇస్తే పోలేదా అనిపిస్తుంది, నేనూ అదే చేసి బోల్తాపడ్డా. కొత్త కర్నెల్స్‌లో ఈసీ25కి టేబుల్లో రెండు వరసలున్నాయి, మొదటిదానికి రెండు ఎండ్‌పాయింట్లున్న ఇంటర్‌ఫేస్‌నే పట్టుకో అనే ఫ్లాగ్ ఉంది, అది డయాగ్నస్టిక్ పోర్టు కోసం రాసింది. కర్నెల్ ఐడీ సరిపోయిన మొదటి వరస ఫ్లాగులే కాపీ చేస్తుంది కాబట్టి మీకు ఒక్క డయాగ్నస్టిక్ పోర్టే వస్తుంది, మూడేసి ఎండ్‌పాయింట్లున్న ఏటీ పోర్టు, మోడెమ్ పోర్టు రావు. అందుకే ఆదర్శంగా ఎవరిని తీసుకుంటున్నారో మీ కర్నెల్ వెర్షన్ ఆప్షన్.సీ ఫైల్ తెరిచి ఒకసారి చూస్కోండి.

క్యూఎంఐ డ్రైవర్‌కి కూడా ఆ ఐడీ తెలీకపోతే దానికి వేరే న్యూ_ఐడీ ఉంది, ఈసారి మామూలు యూఎస్‌బీ బస్ కిందే. ఆప్షన్ ముందు, క్యూఎంఐ తర్వాత, ఈ వరస మార్చకండి.

ఇంకో లోపం, రీబూట్ చేస్తే ఇదంతా పోతుంది. మోడెమ్ తనంతట తను రీసెట్ అయి మళ్ళీ వస్తే పర్లేదు, ఐడీ కర్నెల్ మెమరీలోనే ఉంటుంది. బూట్‌కి బతకాలంటే యూడెవ్ రూల్ (డివైస్ గుచ్చినప్పుడు నడిచేది) గానీ సిస్టమ్‌డీ సర్వీస్ (బూట్‌లో నడిచేది) గానీ రాయాలి. నా ఓటు సిస్టమ్‌డీకి, బూట్‌లో ఒక్కసారి రాసి ఊరుకుంటుంది. యూడెవ్ రూల్ అయితే మోడెమ్ వచ్చిన ప్రతిసారీ అదే ఐడీని మళ్ళీ లిస్టులో చేరుస్తూ పోతుంది, దానివల్ల కొంప మునగదు గానీ చూడ్డానికి చిరాకు.

మూడోది: కంపెనీవాళ్ళ జిప్ ఫైల్, డీకేఎంఎస్

కొన్ని కంపెనీలు తమ ఐడీలు కలిపిన డ్రైవర్ సోర్స్ ఇస్తాయి. మంచి విషయం, ఫ్లాగులన్నీ సరిగ్గా ఉంటాయి, వాళ్ళ మోడెమ్ కాబట్టి. చెడ్డ విషయం, అది ఏదో ఒక పాత కర్నెల్ మీద రాసి ఉంటుంది, మీ కర్నెల్‌లో ఫంక్షన్ పేరో ఆర్గ్యుమెంటో మారి కంపైల్ అవ్వదు. డీకేఎంఎస్‌లో పెడితే ప్రతి కర్నెల్ అప్‌డేట్‌కీ తనే మళ్ళీ బిల్డ్ చేస్తుంది, బిల్డ్ ఫెయిలైతే ఆ రాత్రి అప్‌డేట్ తర్వాత బాక్స్ ఆఫ్‌లైన్, ఆ బాక్స్‌కి నెట్ వచ్చేదే ఈ మోడెమ్ నుంచి అయితే ఇక బండి తీసుకుని వెళ్ళాల్సిందే. సెక్యూర్ బూట్ ఉంటే మాడ్యూల్‌ని సైన్ చేసి ఆ కీని మెషీన్‌లో ఎన్‌రోల్ చెయ్యాలి, అది బూట్ స్క్రీన్ ముందు కూర్చుని చేసే పని, దూరం నుంచి కుదరదు.

కర్నెల్ మొత్తం మీరే బిల్డ్ చేసేవాళ్ళయితే, అంటే యోక్టో లేదా ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీతో సొంత లినక్స్ ఇమేజ్ తయారుచేసుకునేవాళ్ళయితే, ఈ బాధే లేదు. ఆ ఒకట్రెండు లైన్లని ప్యాచ్ ఫైల్‌గా రెసిపీలో (బిల్డ్ సూచనలుండే ఫైల్) పెట్టేసుకోండి. బోర్డు కంపెనీ ఇచ్చిన పాత 4.9 లాంటి కర్నెల్ మీద ఇరుక్కున్నవాళ్ళకి కూడా ఇదే దారి, ఎందుకంటే మెయిన్‌లైన్లో (అన్నిటికీ మూలమైన అసలు కర్నెల్) ఏం కలిసినా అది వాళ్ళదాకా రాదు.

నాలుగోది: మెయిన్‌లైన్‌కి ప్యాచ్ పంపడం

పేరు వింటేనే భయం, నిజానికి కర్నెల్‌కి పంపగలిగే ప్యాచ్‌లలో ఇంతకంటే చిన్నది ఉండదేమో. ఆప్షన్.సీ టేబుల్లో ఒక వరస, దాని పక్కన ఏ ఇంటర్‌ఫేస్ వదలాలో రిజర్వ్‌డ్ ఫ్లాగ్, అంతే. యూఎస్‌బీ సీరియల్ మెయింటెయినర్ జోహాన్ హోవొల్డ్, ఈయన దగ్గరికి వెళ్ళే ఐడీ ప్యాచ్‌లో కామిట్ మెసేజ్‌లోనే యూఎస్‌బీ-డివైసెస్ అవుట్‌పుట్ ఉండాలి, ఏ ఇంటర్‌ఫేస్ దేనికో రాయాలి, లేకపోతే ఇది ఏంటి, అది ఎందుకు వదిలావు అని తిరిగి ప్రశ్నలొస్తాయి. మొదట్లో దాచుకోమన్న ఫైల్ ఇక్కడ పనికొస్తుంది.

టేబుల్లో ఎక్కడ పడితే అక్కడ పెట్టకుండా ఆ కంపెనీ ఐడీల మధ్య వరసలో పెట్టండి, చెక్‌ప్యాచ్ నడపండి, సైన్డ్-ఆఫ్-బై లైన్ పెట్టండి, గెట్_మెయింటెయినర్ స్క్రిప్ట్ చెప్పిన అడ్రసులకి గిట్ సెండ్-ఈమెయిల్‌తో పంపండి. ఆఫీస్ అవుట్‌లుక్‌లోంచి పంపితే ట్యాబ్‌లన్నీ స్పేసులైపోయి ప్యాచ్ అప్లై కాదు, ఈ తప్పు ఒకసారి అందరూ చేస్తారు.

దీంట్లో తీపి కబురేంటంటే, పాత స్టేబుల్ కర్నెల్స్‌లో మామూలుగా కొత్తవేవీ చేర్చరు, కానీ కొత్త డివైస్ ఐడీలకి మాత్రం స్టేబుల్ రూల్స్‌లోనే మినహాయింపు ఉంది. కామిట్‌లో సీసీ స్టేబుల్ అని పెడితే మెయిన్‌లైన్లో చేరాక లాంగ్‌టర్మ్ కర్నెల్స్‌లోకి కూడా దిగుతుంది, అక్కడినుంచి డిస్ట్రోలు తీసుకుంటాయి. ఒక్కటే ఇబ్బంది, ఇవాళ పంపితే రేపు రాదు, వారాలు పడుతుంది, మీ డిస్ట్రో దాకా రావడానికి ఇంకొంచెం. అప్పటిదాకా న్యూ_ఐడీతో నెట్టుకురండి, ఒకదానికొకటి అడ్డం కాదు.

ఐదోది: అసలు సీరియల్ గోలే వద్దనుకోవడం

మీకు కావాల్సింది ఇంటర్నెట్ ఒక్కటే అయితే ఎంబీఐఎం చూడండి. ఇది మోడెమ్‌ని నేరుగా నెట్‌వర్క్ కార్డుగా వాడటానికి 2011లో వచ్చిన స్టాండర్డ్, లినక్స్‌లో 3.8 నుంచి సీడీసీ_ఎంబీఐఎం డ్రైవర్ ఉంది, విండోస్ 8 నుంచి అక్కడా లోపలే ఉంది. ఇది క్లాస్ చూసి పట్టుకుంటుంది కాబట్టి కొత్త ప్రోడక్ట్ ఐడీ వచ్చినా ఎవరికీ చెప్పక్కర్లేదు. పీపీపీ కంటే స్పీడూ బాగుంటుంది.

మెలిక ఏంటంటే చాలా మాడ్యూల్స్‌ని ఎంబీఐఎంలోకి మార్చాలంటే ఏటీ కమాండే ఇవ్వాలి, ఈసీ25లో అయితే క్యూసీఎఫ్‌జీ యూఎస్‌బీనెట్‌కి 2 ఇవ్వాలి, ఆ ఏటీ పోర్టు రాకే కదా ఇంత గొడవ! కాబట్టి బల్ల మీద ఒకసారి న్యూ_ఐడీతో పోర్టు తెప్పించి, కమాండ్ కొట్టి, మోడెమ్ రీసెట్ చేస్తే ఆ సెట్టింగ్ మోడెమ్‌లోనే ఉండిపోతుంది, తర్వాత ఏ మెషీన్‌కి గుచ్చినా నెట్ వస్తుంది. ఎస్ఎంఎస్‌లు మోడెమ్‌మేనేజర్ (లినక్స్‌లో మోడెమ్‌ల్ని చూసుకునే సర్వీస్) ద్వారా దీంట్లోనూ వెళ్తాయి. జీపీఎస్ లైన్లు సీరియల్‌లో కావాలంటే మాత్రం మళ్ళీ మొదటికే.

లిబ్‌యూఎస్‌బీతో యూజర్‌స్పేస్‌లో నేరుగా మాట్లాడే దారి కూడా ఉంది గానీ అందులో టీటీవై ఉండదు, మినికామ్ లేదు, పీపీపీ లేదు, అన్నీ మీరే రాసుకోవాలి. సొంత ఫ్లాషింగ్ టూల్ రాసేవాళ్ళకి తప్ప నేను చెప్పను.

ఒక్కచోట చూస్కోవాలంటే

| దారి | ఎంతసేపట్లో | రీబూట్ తర్వాత | వదలాల్సిన ఇంటర్‌ఫేస్ | సెక్యూర్ బూట్ | తర్వాత చాకిరీ |
|---|---|---|---|---|---|
| జెనరిక్ | రెండు నిమిషాలు | పోతుంది | చెప్పలేం | ఇబ్బంది లేదు | అసలు పెట్టుకోకూడదు |
| న్యూ_ఐడీ | పది నిమిషాలు | సర్వీస్ రాస్తే ఉంటుంది | ఐదు నెంబర్లిస్తే కుదురుతుంది | ఇబ్బంది లేదు | తక్కువ |
| డీకేఎంఎస్ | ఒక పూట | ఉంటుంది | సరిగ్గా ఉంటుంది | కీ ఎన్‌రోల్ చెయ్యాలి | ప్రతి అప్‌డేట్‌కీ |
| సొంత కర్నెల్‌లో ప్యాచ్ | మీ బిల్డ్ టైమ్ | ఉంటుంది | సరిగ్గా ఉంటుంది | మీ సైనింగే | వెర్షన్ మారినప్పుడు |
| మెయిన్‌లైన్ | వారాలు | ఉంటుంది | సరిగ్గా ఉంటుంది | ఇబ్బంది లేదు | సున్నా |
| ఎంబీఐఎం | ఒక్కసారి మార్చాలి | ఉంటుంది | ప్రశ్నే లేదు | ఇబ్బంది లేదు | సున్నా, కానీ సీరియల్ రాదు |

మీరెవరు?

రాస్‌బెర్రీ పై మీద ప్రాజెక్ట్ చేసే స్టూడెంట్ అయితే న్యూ_ఐడీ, దాన్ని సిస్టమ్‌డీలో పెట్టి డెమోకి వెళ్ళండి. టైమ్ ఉంటే ఆ ప్యాచ్ కూడా పంపండి, ఇంటర్వ్యూలో కర్నెల్‌లో నా కామిట్ ఉందని చెప్పడానికి ఇంత తేలిక దారి ఇంకోటి దొరకదు.

ఫీల్డ్‌లో పదుల బాక్సులున్న చిన్న కంపెనీ, కర్నెల్ డిస్ట్రోది అయితే డీకేఎంఎస్ వైపు చూడకండి, న్యూ_ఐడీ సర్వీస్‌ని ప్యాకేజీలో పెట్టి పంపి, అదే వారం మెయిన్‌లైన్‌కి పంపండి. నెట్ ఒక్కటే కావాలంటే బాక్స్ ప్యాక్ చేసే ముందే ఎంబీఐఎంలోకి మార్చేయండి. కర్నెల్ మీదే అయితే రెసిపీలో ప్యాచ్, ఇక ఆలోచన లేదు.

మోడెమ్ అమ్మేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, దయచేసి ఐడీ మార్చేముందే ప్యాచ్ పంపండి, మీ కస్టమర్లు నాలాగా ఐదు పోర్టులు లెక్కపెట్టుకుంటూ కూర్చోరు.

విండోస్‌లో అయితే విండోస్ 10 నుంచి 02 క్లాస్ పోర్టుల్ని యూఎస్‌బీసెర్ తనే పట్టుకుంటుంది, ఎఫ్‌ఎఫ్ అయితే సైన్ చేసిన ఐఎన్‌ఎఫ్ (డ్రైవర్ సెటప్ ఫైల్) కావాలి, అది మోడెమ్ కంపెనీ దగ్గరే తీసుకోండి, సొంతంగా రాసి సైనింగ్ తిప్పలు పడకండి. ఫ్రీబీఎస్‌డీలో యూ3జీ, ఓపెన్‌బీఎస్‌డీలో యూఎమ్‌ఎస్‌ఎమ్ డ్రైవర్లున్నాయి, రెండింట్లోనూ ఐడీ టేబుల్లో చేర్చి మళ్ళీ బిల్డ్ చెయ్యడమే.

పోర్టులు వచ్చాక ఒక మాట

స్క్రిప్ట్‌లో టీటీవైయూఎస్‌బీ2 అని రాసి వదిలెయ్యకండి. ఇంకో సీరియల్ కేబుల్ ముందు గుచ్చి ఉంటేనో, మోడెమ్ పడి లేచేటప్పుడు ఎవరో పాత పోర్టుని తెరిచి పట్టుకుని ఉంటేనో నెంబర్లు జరిగిపోతాయి, మీ ఏటీ కమాండ్ వెళ్ళి జీపీఎస్ పోర్టులో పడుతుంది. డెవ్ కింద సీరియల్, బై-ఐడీ ఫోల్డర్లో ఇంటర్‌ఫేస్ నెంబరుతో సహా పేర్లుంటాయి, అవి వాడండి. మీ సొంత ప్రోగ్రామ్ ఏటీ పోర్టు వాడుతుంటే మోడెమ్‌మేనేజర్ కూడా అదే పోర్టులో వేలు పెడుతుంది, మీరు పంపని కమాండ్‌కి జవాబు మీకొస్తుంది, అలా జరిగితే ఐడీ_ఎంఎం_డివైస్_ఇగ్నోర్ అని యూడెవ్‌లో పెట్టి దాన్ని ఆ మోడెమ్ జోలికి రావద్దని చెప్పండి.